‘గెట్’ను సరిగ్గా వాడడం ఎలా? తెలుగు మాట్లాడేవారి కోసం ఒక్కో మెట్టు

"మేడమ్, గెట్ అంటే పొందడమే కదా. మరి ‘గెట్ అప్’ అంటే లేవడం ఎలా అయింది? ‘గెట్ లాస్ట్’లో ఏం పొందుతున్నాం?" సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డిక్షనరీ తెరిస్తే ఈ ఒక్క మాటకే పేజీల కొద్దీ అర్థాలు ఉంటాయి. వాటిని బట్టీ పట్టినవాళ్ళెవరూ మాట్లాడేటప్పుడు గెట్‌ను ధైర్యంగా వాడడం నేను చూడలేదు.

నేను చెప్పే పద్ధతి వేరు. గెట్ అర్థం గెట్‌లో ఉండదు, దాని వెనకాల వచ్చే మాటలో ఉంటుంది. ఆ వెనక మాట ఏ రకమో గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, మనం రోజూ అనే ‘నాకు వచ్చింది’, ‘తడిసిపోయాను’, ‘పెళ్ళయింది’, ‘చేయించుకున్నాను’ లాంటి మాటల్లో చాలావాటికి ఇంగ్లీషులో గెట్ సరిపోతుంది. అంటే సగం పని మీ తెలుగే చేసిపెడుతుంది.

1. మొదలుపెట్టే ముందు

ఒక చిన్న నోట్‌బుక్, వారం రోజుల పాటు రోజుకు ఇరవై నిమిషాలు. ఇంతే కావాలి. నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ పైభాగాన ఒక్కటి చొప్పున ఈ ఐదు శీర్షికలు రాసుకోండి:

- వచ్చింది / దొరికింది
- మారింది (అయింది, పోయింది)
- చేరాను
- చేయించుకున్నాను
- ఎక్కడం, దిగడం

తర్వాత రూపాలు నోటికి రావాలి. ఇప్పటిది గెట్, జరిగిపోయినది గాట్. మూడో రూపం బ్రిటిష్ వాడుకలో గాట్, అమెరికాలో ఎక్కువగా గాటెన్. ‘ఇట్స్ గాటెన్ కోల్డ్’ అని అక్కడివాళ్ళు అంటే కంగారు పడకండి, చలి పెరిగింది అని అర్థం.

పలకడం గురించి ఒక్క మాట. అమెరికన్లు ‘గెట్ ఇట్’ అన్నది ‘గెడిట్’ లాగా, ‘గాట్ ఇట్’ అన్నది ‘గాడిట్’ లాగా వినిపిస్తుంది. మీరు అలా పలకనక్కర్లేదు, విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

2. వెనక మాటను చూడండి

గెట్ కనిపించగానే తెలుగు అర్థం కోసం వెతక్కండి. ముందు ఈ వరుసలో ప్రశ్నలు వేసుకోండి:

- వెనక ఉన్నది వస్తువో, విషయమో? అయితే ‘వచ్చింది, దొరికింది, తెచ్చాను’.
- ఎలా ఉందో చెప్పే మాటా (యాంగ్రీ, టైర్డ్, కోల్డ్)? అయితే ‘మారింది’.
- చోటా (హోమ్, దేర్, టు ద స్టేషన్)? అయితే ‘చేరాను’.
- వస్తువు, దాని తర్వాత క్రియ మూడో రూపం ఉన్నాయా? అయితే ‘చేయించుకున్నాను’.
- ఆఫ్, ఆన్, అప్, ఓవర్ లాంటి చిన్న మాటా? అయితే ఆ జంటను ఒకే మాటగా నేర్చుకోవాలి.

ఇప్పుడు ‘గెట్ లాస్ట్’ చూడండి. లాస్ట్ అన్నది తప్పిపోయిన స్థితి. అంటే రెండో రకం. ‘వీ గాట్ లాస్ట్’ అంటే దారి తప్పిపోయాం. ఎవరితోనైనా కోపంగా ‘గెట్ లాస్ట్’ అంటే ‘నా కంటికి కనపడకుండా పో’ అన్నంత ఘాటు. మాట అదే, చోటు మారింది.

3. ‘నాకు వచ్చింది’ని ‘ఐ గాట్’గా మార్చడం

తెలుగులో ఉద్యోగం నా దగ్గరికి నడిచి వస్తుంది: ‘నాకు ఉద్యోగం వచ్చింది’. ఇంగ్లీషులో వాక్యానికి ముందు నిలబడేది మనిషి: ‘ఐ గాట్ ఎ జాబ్’. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ‘జాబ్ కేమ్ టు మి’ అనడానికి కారణం తెలుగు వాక్యం వరుసను అలాగే మోసుకెళ్ళడం. ‘నాకు’ కనిపిస్తే దాన్ని ముందు ‘ఐ’ చేయండి, ‘మా తమ్ముడికి’ ఉంటే ‘మై బ్రదర్’ చేయండి. తర్వాతే క్రియ జోలికి వెళ్ళండి.

- ఇంటర్‌లో నాకు 900 మార్కులు వచ్చాయి: ఐ గాట్ 900 మార్క్స్ ఇన్ ఇంటర్మీడియట్.
- తమ్ముడికి వీసా వచ్చింది: మై బ్రదర్ గాట్ హిజ్ వీసా.
- నాకో ఆలోచన వచ్చింది: ఐ గాట్ యాన్ ఐడియా.
- టికెట్లు దొరకలేదు: వీ డిడ్ నాట్ గెట్ టికెట్స్.

‘తీసుకురావడం’ కూడా ఈ పేజీలోదే. ‘గెట్ మి ఎ గ్లాస్ ఆఫ్ వాటర్’ అంటే మంచినీళ్ళు తీసుకురా. ఇక్కడ జాగ్రత్త. మనం ‘తీసుకురండి’ అన్నప్పుడు ఆ ‘అండి’లో మర్యాద ఉంది. ఇంగ్లీషు క్రియకు ‘అండి’ తగిలించలేం, కాబట్టి మర్యాదను వాక్యం ముందు పెట్టాలి: ‘కుడ్ యూ గెట్ మి ఎ గ్లాస్ ఆఫ్ వాటర్, ప్లీజ్?’ ఆఫీసులో పెద్దవాళ్ళతో ఉత్త ‘గెట్ మి’ అనేయకండి.

అమెరికా వెళ్ళిన పిల్లలు మొదటి వారంలో కాఫీ కౌంటర్ దగ్గర వినేది ‘వాట్ కెన్ ఐ గెట్ యూ?’ అంటే ‘మీకేం ఇమ్మంటారు?’ అని. జవాబు కూడా గెట్‌తోనే చెప్పొచ్చు: ‘కెన్ ఐ గెట్ ఎ స్మాల్ కాఫీ, ప్లీజ్?’

‘వచ్చు’ ఉన్న ప్రతిచోటా గెట్ సరిపోదు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి ఈ జాబితాను పేజీలో అడుగున ఎర్ర సిరాతో రాసుకోండి:

- నాకు ఈత వచ్చు: ఐ కెన్ స్విమ్. ఇక్కడ వచ్చు అంటే తెలుసు అని.
- వర్షం వస్తోంది: ఇట్స్ రెయినింగ్.
- నిద్ర వస్తోంది: ఐయామ్ స్లీపీ, లేదా ఐయామ్ గెటింగ్ స్లీపీ. ‘గెటింగ్ స్లీప్’ కాదు.
- నిద్ర పట్టడం లేదు: ఐ కాంట్ గెట్ టు స్లీప్.
- ఏడుపొచ్చింది: ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్.
- కల వచ్చింది: ఐ హ్యాడ్ ఎ డ్రీమ్.
- డౌట్ వచ్చింది: ఐ హ్యావ్ ఎ క్వశ్చన్. ‘ఐయామ్ గెటింగ్ ఎ డౌట్’ మన క్లాసుల్లో నడుస్తుంది కానీ బయటి దేశాల్లో డౌట్ అంటే అనుమానం, అపనమ్మకం అని తీసుకుంటారు.

4. మారింది: అయింది, పోయాను, పడింది

‘ఐయామ్ యాంగ్రీ’ అంటే కోపంగా ఉన్నాను. ‘ఐ గాట్ యాంగ్రీ’ అంటే కోపం వచ్చింది. మొదటిది ఉన్న స్థితి, రెండోది ఆ స్థితిలోకి వెళ్ళిన క్షణం. తెలుగులో ఈ తేడా మనకు పుట్టుకతో తెలుసు. తడిగా ఉన్నాను, తడిసిపోయాను అన్నవి ఒకటి కావు కదా.

అందుకే ఒక సులువు చెబుతాను. తెలుగు క్రియ చివర ‘పోయాను’, ‘పడింది’, ‘ఎక్కింది’ వినిపిస్తే గెట్ ప్రయత్నించి చూడండి:

- తడిసిపోయాను: ఐ గాట్ వెట్.
- అలసిపోయాను: ఐ గాట్ టైర్డ్.
- చీకటి పడుతోంది: ఇట్స్ గెటింగ్ డార్క్.
- టీ చల్లారిపోతోంది: ద టీ ఈజ్ గెటింగ్ కోల్డ్.
- ఎండ ముదురుతోంది: ఇట్స్ గెటింగ్ హాట్.
- చలికి అలవాటు పడ్డాను: ఐ గాట్ యూజ్డ్ టు ద కోల్డ్.

చివరి వాక్యం దగ్గర కాస్త ఆగుదాం. ‘గెట్ యూజ్డ్ టు’ తర్వాత క్రియ రావాలంటే ‘ఇంగ్’ రూపమే రావాలి. ‘ఐ గాట్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఆన్ ద రైట్’ అంటే రోడ్డుకు కుడివైపున నడపడం అలవాటైంది. ‘టు డ్రైవ్’ అంటే తప్పు. ‘ఐ యూజ్డ్ టు డ్రైవ్’ వేరే సంగతి, ఒకప్పుడు నడిపేవాణ్ణి అని.

ఈ మెట్టు మీద తరచూ జరిగే తప్పులు మూడు.

ఒకటి, స్థితి మాట బదులు పేరు (నామవాచకం) పెట్టడం. ‘ఐ గాట్ యాంగర్’ తప్పు, ‘ఐ గాట్ యాంగ్రీ’ ఒప్పు. తెలుగులో కోపం అనే పేరు వస్తుంది కనుక ఇంగ్లీషులోనూ పేరే పెట్టేస్తాం. నోట్‌బుక్‌లో యాంగర్, యాంగ్రీ, హంగర్, హంగ్రీ, స్లీప్, స్లీపీ అని జంటలు రాసుకోండి.

రెండు, ‘ఐ గాట్ లేట్’. మన దగ్గర అందరూ అంటారు, అందరికీ అర్థమవుతుంది. అయినా ఇంటర్వ్యూకి ఆలస్యంగా వెళ్ళినప్పుడు ‘ఐయామ్ సారీ, ఐయామ్ లేట్’ అనండి. పొద్దుపోతోంది అనడానికి ‘ఇట్స్ గెటింగ్ లేట్’ మాత్రం నిక్షేపంగా అనొచ్చు.

మూడు, పాస్, ఫెయిల్, మిస్‌ల ముందు గెట్ పెట్టడం. తెలుగులో ‘పాస్ అయ్యాను’ అంటాం కాబట్టి ‘ఐ గాట్ పాస్’ అనేస్తారు. ఇవి తమకు తామే క్రియలు. ఐ పాస్డ్, ఐ ఫెయిల్డ్, ఐ మిస్డ్ ద బస్. అంతే.

5. చేరాను

ఇది చిన్న మెట్టు. ‘వెన్ డిడ్ యూ గెట్ టు విజయవాడ?’ అంటే విజయవాడ ఎప్పుడు చేరారు? ఊరికీ, స్టేషన్‌కీ, ఆఫీసుకీ ముందు ‘టు’ ఉంటుంది. హోమ్, హియర్, దేర్ ముందు ఉండదు. ‘ఐ గాట్ హోమ్ అట్ 9’ సరైనది. ‘ఐ గాట్ టు హోమ్’ తప్పు.

6. చేయించుకున్నాను: అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు

తెలుగులో ‘ఇంచు’ అనే చిన్న ముక్కతో పని మనం చేయలేదని, ఎవరిచేతనో చేయించామని ఎంత తేలిగ్గా చెప్పేస్తామో! కుట్టాను, కుట్టించాను. కత్తిరించాను లాంటి వాటితోనే పేచీ, వాటిలో ముందే ‘ఇంచు’ ఉంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి ముక్క లేదు. ఆ పని గెట్ చేస్తుంది, కానీ మాటల వరుస తప్పకూడదు.

వరుస ఇదీ: గెట్, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం.

- జుట్టు కత్తిరించుకున్నాను (మంగలి షాపులో): ఐ గాట్ మై హెయిర్ కట్.
- జాకెట్టు కుట్టించుకున్నాను: ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్.
- పాపకు చెవులు కుట్టించాం: వీ గాట్ అవర్ డాటర్స్ ఇయర్స్ పియర్స్డ్.
- తిరుమలలో గుండు చేయించుకున్నాడు: హి గాట్ హిజ్ హెడ్ షేవ్డ్ ఎట్ తిరుమల.
- పన్ను పీకించుకున్నాను: ఐ గాట్ ఎ టూత్ పుల్డ్ అవుట్.
- ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవాలి: ఐ నీడ్ టు గెట్ మై అడ్రస్ చేంజ్డ్ ఇన్ ఆధార్.

గెట్ లేకుండా చెబితే ఏమవుతుంది? ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే మీరే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని బాగు చేశారని వింటారు. ‘ఐ పుల్డ్ అవుట్ మై టూత్’ అంటే మీ పన్ను మీరే పీక్కున్నారని! ‘వీ బిల్ట్ ఎ హౌస్’ లాంటివి మాత్రం ఇంగ్లీషువాళ్ళు కూడా అంటారు, మేస్త్రీ కట్టాడని అందరికీ తెలుసు కాబట్టి. అనుమానం ఉన్నచోట గెట్ పెట్టుకోవడమే మేలు.

వరుస తప్పితే కూడా అర్థం చెడుతుంది. ‘ఐ గాట్ కట్ మై హెయిర్’ తప్పు. నోటికి తిరగడానికి మూడు వేళ్ళ పద్ధతి పెట్టుకోండి: మొదటి వేలికి గాట్, రెండో వేలికి వస్తువు, మూడో వేలికి మూడో రూపం. క్లాసులో నేను ఇదే చేయిస్తాను, రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఇక పని చేసిన మనిషిని కూడా చెప్పాలంటే దారి కొంచెం మారుతుంది: గెట్, మనిషి, ‘టు’, క్రియ మొదటి రూపం. ‘నాన్నను ఒప్పించి స్కూటర్ కొనిపించాను’ అనడానికి ‘ఐ గాట్ మై ఫాదర్ టు బై ఎ స్కూటర్’. ఇందులో నచ్చజెప్పడం, బతిమాలడం ఉన్నాయి. బలవంతం ఉంటే ‘మేడ్’ వాడాలి, అప్పుడు ‘టు’ ఎగిరిపోతుంది: ‘మై మదర్ మేడ్ మి ఈట్’, అమ్మ నాచేత తినిపించింది, నేను వద్దన్నా. గాట్‌కు ‘టు’ ఉంటుంది, మేడ్‌కు ఉండదు. దీన్ని నోట్‌బుక్‌లో పెట్టెకట్టి రాసుకోండి.

7. నా ప్రమేయం లేకుండా నాకు జరిగింది

ఉద్యోగాల సమయంలో దీని అవసరం ఎక్కువ. ‘నేను సెలెక్ట్ అయ్యాను’ అనాలనుకుని ‘ఐ సెలెక్టెడ్’ అంటారు. అంటే నేను ఎంపిక చేశాను అని! ఎదుటివాళ్ళు ‘దేన్ని?’ అని ఎదురుచూస్తారు. ‘ఐ గాట్ సెలెక్టెడ్’ అనండి. అలాగే:

- ప్రమోషన్ వచ్చింది: ఐ గాట్ ప్రమోటెడ్.
- జీతం పడింది: ఐ గాట్ పెయిడ్.
- అక్క పెళ్ళయింది: మై సిస్టర్ గాట్ మ్యారీడ్.
- ఫోన్ ఎవరో కొట్టేశారు: మై ఫోన్ గాట్ స్టోలెన్.

పెళ్ళి విషయంలో ఇంకొకటి. ‘మ్యారేజ్ కంప్లీటెడ్’ అనకండి. ఎవరితో పెళ్ళయిందో చెప్పాలంటే ‘గాట్ మ్యారీడ్ టు’ అంటారు. తెలుగులో ‘తో’ ఉంది కదా అని ‘విత్’ పెట్టకూడదు.

8. ఎక్కడం, దిగడం

మనకు బస్సైనా ఆటో అయినా విమానమైనా ఎక్కడమే, దిగడమే. ఇంగ్లీషులో రెండు జంటలు ఉన్నాయి. లోపల నిలబడి నడవగలిగే వాహనమైతే (బస్సు, రైలు, విమానం) గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి లోపలికి వెళ్ళి కూర్చోవలసిందైతే (కారు, ఆటో) గెట్ ఇన్, గెట్ అవుట్. బైక్, సైకిల్, గుర్రం మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుంటాం కాబట్టి వాటికీ ఆన్, ఆఫ్.

‘గెట్ డౌన్’ సంగతి అడగని విద్యార్థి లేడు. మన దేశంలో బస్సు దిగడానికి అందరూ గెట్ డౌన్ అనే అంటారు, ఇక్కడ దాంతో పని నడుస్తుంది. బయటి దేశాల్లో అది చెట్టు మీద నుంచో నిచ్చెన మీద నుంచో కిందికి దిగడం. పరీక్షల్లో, విదేశాల్లో గెట్ ఆఫ్ అనడం క్షేమం. కొత్త ఊళ్ళో డ్రైవర్‌ను అడగాల్సిన వాక్యాన్ని ఇప్పుడే కంఠస్థం చేయండి: ‘వేర్ షుడ్ ఐ గెట్ ఆఫ్ ఫర్ ద రైల్వే స్టేషన్?’

మిగతా చిన్న మాటల జంటల్లో మొదట ఈ ఆరు చాలు. గెట్ అప్, మంచం మీద నుంచి లేవడం (మెలకువ రావడం వేక్ అప్). గెట్ ఓవర్, బాధ నుంచో జబ్బు నుంచో తేరుకోవడం. గెట్ అలాంగ్, పొసగడం: ‘మా అత్తగారితో నాకు బాగా పొసగుతుంది’ అనాలంటే ఇదే. గెట్ బై, ఉన్నదాంతో నెట్టుకురావడం. గెట్ రిడ్ ఆఫ్, వదిలించుకోవడం. గెట్ బ్యాక్ టు, తర్వాత జవాబు చెప్పడం: ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ బై మండే’. ఈ చివరి వాక్యం అని ఊరుకోకండి, సోమవారం నిజంగా ఫోన్ చేయండి.

9. ‘గెట్ టు’, ‘హ్యావ్ గాట్’

వెనక ‘టు’, క్రియ వస్తే ‘అవకాశం దక్కింది’ అని అర్థం. ‘ఐ గాట్ టు హోల్డ్ మై గ్రాండ్‌సన్’ అంటే మనవణ్ణి ఎత్తుకునే భాగ్యం దక్కింది. ‘ఐ డిడ్ నాట్ గెట్ టు సీ హర్’ అంటే ఆమెను చూసే వీలు చిక్కలేదు. ఎంతో దూరాన ఉండి ఇంటి శుభకార్యాలకు రాలేకపోయినవాళ్ళకు ఈ వాక్యం బాగా పనికొస్తుంది.

‘హ్యావ్ గాట్’ పూర్తిగా వేరు. ‘ఐ హ్యావ్ గాట్ టూ సిస్టర్స్’ అంటే ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ‘ఐ హ్యావ్ గాట్ టు గో’ అంటే నేను వెళ్ళి తీరాలి. వేగంగా పలికితే హ్యావ్ దాదాపు వినపడదు, ‘ఐ గాటా గో’ అన్నట్టు ఉంటుంది. ఇది మాటల్లోనే, రాతలో వద్దు.

10. గెట్ వాడకూడని చోట్లు

కంపెనీకి మెయిల్, యూనివర్సిటీకి దరఖాస్తు, ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష) వ్యాసం రాసేటప్పుడు గెట్ తగ్గించండి. ‘ఐ గాట్ యువర్ మెయిల్’ బదులు ‘ఐ హ్యావ్ రిసీవ్డ్ యువర్ మెయిల్’. మారింది అనడానికి బికమ్, చేరాను అనడానికి అరైవ్, అర్థమైంది అనడానికి అండర్‌స్టాండ్. స్పీకింగ్ పరీక్షలో మాత్రం గెట్ మొహమాటం లేకుండా వాడొచ్చు, సహజంగా వినిపిస్తుంది.

ఎదుటివాళ్ళు చెప్పింది అర్థం కాకపోతే ‘ఐయామ్ నాట్ గెటింగ్ యూ’ అనకండి. స్నేహితులతో ‘ఐ డోంట్ గెట్ ఇట్’ సరిపోతుంది. ఇంటర్వ్యూలో అయితే ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అనండి.

11. వారం రోజుల సాధన

- మొదటి రోజు: మీ ఇంట్లో వినిపించిన ‘వచ్చింది’ వాక్యాలు పది రాసి, గెట్ సరిపోయేవీ సరిపోనివీ విడదీయండి.
- రెండో రోజు: ‘పోయాను’, ‘పడింది’ వాక్యాలు పది.
- మూడు, నాలుగు రోజులు: చేయించుకున్న పనులు. ఈ ఏడాది మీరు ఎవరిచేతనైనా చేయించినవన్నీ మూడు వేళ్ళ వరుసలో చెప్పండి.
- ఐదో రోజు: మీకు జరిగినవి. సెలెక్టెడ్, పెయిడ్, ప్రమోటెడ్.
- ఆరో రోజు: ఇంటి నుంచి ఆఫీసుకో కాలేజీకో మీ ప్రయాణం మొత్తం గెట్ అప్ నుంచి గెట్ ఆఫ్ దాకా పైకి చెప్పండి.
- ఏడో రోజు: ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. విని, గెట్ వచ్చిన ప్రతిచోటా దీనితో సరిచూడండి:
  - ‘నాకు’ను ‘ఐ’గా మార్చానా?
  - స్థితి మాటే పెట్టానా, పేరు పెట్టానా?
  - హోమ్, హియర్, దేర్ ముందు ‘టు’ తీసేశానా?
  - వస్తువు ముందుగా, దాని వెనక మూడో రూపం వచ్చాయా?
  - పాస్, ఫెయిల్, మిస్ ముందు గెట్ పెట్టలేదు కదా?

ఏ ప్రశ్న దగ్గర రెండుసార్లకు మించి తప్పు దొరికితే ఆ మెట్టుకు వెనక్కి వెళ్ళి, మర్నాడు అదొక్కటే చేయండి.